మందు ఒంటికి ఇస్తాం, గుండెకు ఎంత చేరుతుంది?

మూడేళ్ల కిందట మా పెద్దనాన్నకు గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, గండం గడిచింది. ఇంటికొచ్చిన పది రోజులకు దిండుకు ఆనుకుని కూర్చుని నన్నో ప్రశ్న అడిగారు. "ఒరేయ్ అబ్బాయ్, గుండె కండరం దెబ్బతిన్న చోట వాపు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వాపు తగ్గాలంటే స్టెరాయిడ్‌ని మించిన మందు లేదంటారు. నాకు ఆయాసం ఎక్కువైనప్పుడల్లా అదే ఇచ్చి నిలబెట్టారు. మరి గుండెకు ఎందుకు ఇవ్వలేదు?"

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. అయినా ఆ రోజు నేను చెప్పింది సగం జవాబే. "స్టెరాయిడ్ ఇస్తే గుండె గాయం సరిగా మానదు పెద్దనాన్నా" అన్నాను. అది నిజమే. కానీ అంతకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. చేతి నరంలోకి ఎక్కించిన స్టెరాయిడ్, రక్తం ఆగిపోయిన గుండె ముక్కలోకి అసలు ఎలా వెళ్తుంది? ఎంత వెళ్తుంది? ఎప్పుడు వెళ్తుంది? ఈ మూడూ తేలితేనే మిగతా సగం అర్థమవుతుంది. డాక్టర్లు 1970లలో పెట్టుకున్న పెద్ద ఆశ, ఆ వెంటనే ఎదురైన దెబ్బ, ఈమధ్య మళ్లీ మొదలైన ప్రయత్నం, అన్నిటికీ మూలం అక్కడే ఉంది.

ముందు ఒక అపోహ తొలగించాలి. స్టెరాయిడ్ అనగానే జిమ్‌లో కండల కోసం పొడిపించుకునే ఇంజెక్షన్లు చాలామందికి గుర్తొస్తాయి. ఇక్కడ చెబుతున్నవి అవి కావు. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. హైడ్రోకార్టిసోన్ అంటే అదే కార్టిసాల్, మందు రూపంలో. ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ దానికి దగ్గరి చుట్టాలు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ ఈ కుటుంబానికే చెందిన కార్టిసోన్‌ను కీళ్లవాతం రోగులకు వాడిన ఫలితాలు 1949లో వెలువడ్డాయి. మరుసటి ఏడాదే వాళ్లిద్దరికీ, టాడెయుష్ రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు తగ్గుతాయని 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్ష తేల్చింది కాబట్టి ఆ పేరు ఇప్పుడు మన ఇళ్లలో కూడా తెలుసు. ఇంత శక్తి ఉన్న మందును గుండెపోటుకు వాడి చూడాలని వైద్యులకు అనిపించడంలో వింత లేదు.

శివారు పొలం లెక్క

మాది కృష్ణా డెల్టాలో శివారు ఊరు. కాలువ చివరి భూములకు నీళ్లెలా వస్తాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. పెద్దకాలువ నిండుగా పారుతున్నా పిల్లకాలువకు అడ్డు పడితే దాని కింది బోదెలు ఎండిపోతాయి. ఎగువన పెద్దకాలువ నీళ్లలో బస్తాల కొద్దీ యూరియా కలిపారనుకోండి. పైపొలాలకు అందాల్సిన దానికన్నా ఎక్కువే అందుతుంది. అడ్డు పడిన బోదె కింద మాత్రం పైరు పసుపు రంగులోనే ఉంటుంది. ఎగువన ఇంకో పది బస్తాలు గుమ్మరించినా దానికి ఒరిగేదేమీ లేదు. తూము తెరవాలి.

ఒంట్లో మందు పంపకం కూడా చాలావరకు ఇంతే. పెద్దవాళ్లలో గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అందులో కిడ్నీలకు లీటరుకు పైగా, కాలేయానికి దాదాపు లీటరున్నర, మెదడుకు ముప్పావు లీటరు వెళ్తాయి. గుండె తన సొంత కండరం కోసం ఉంచుకునేది పావు లీటరు మాత్రమే. అంటే చేతి నరంలో ఎక్కించిన మందు ముందు గుండె కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, మళ్లీ గుండె ఎడమవైపుకు చేరి, బృహద్ధమనిలోకి దూకినప్పుడు, మొదటి విడతలో గుండె కండరానికి దక్కే వాటా ఇరవైలో ఒక వంతు. ఊపిరితిత్తులకు మాత్రం మొత్తం రక్తమూ వెళ్తుంది. ఆయాసంలో పెద్దనాన్నకు స్టెరాయిడ్ అంత బాగా పనిచేయడానికి కారణాలు వేరే ఉన్నా, ఆ అవయవానికి రక్తం కరువు మాత్రం లేదు.

ఇప్పుడు గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమని ఒకటి రక్తపు గడ్డతో మూసుకుపోయిందనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న గుండె కండరంలో ప్రతి 100 గ్రాములకు నిమిషానికి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఆ కండరంలో మందు రక్తంతో సమానంగా నిండాలంటే దాదాపు తన పరిమాణమంత రక్తం ఒకసారి దాని గుండా పారాలని అనుకుందాం. మామూలు గుండెలో అందుకు నిమిషంపావు పడుతుంది. ప్రవాహం పదో వంతుకు పడిపోతే పన్నెండు నిమిషాలు. వందో వంతుకు పడిపోతే రెండు గంటలు. ఇది అర్థం కావడానికి వేసిన మోటు లెక్క. మందు రక్తంలో దేనికి అతుక్కుంటుంది, కండరంలో ఎంత నిలుస్తుంది అన్నదాన్ని బట్టి నిజం గుండెలో అంకెలు మారతాయి. కానీ నిమిషంపావు ఎక్కడ, రెండు గంటలు ఎక్కడ! ఆ తేడా మాత్రం ఎక్కడికీ పోదు.

పక్కనే ఇంకో గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. 1970లలో రైమర్, జెన్నింగ్స్ కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగాల్లో ధమని మూసిన ఇరవై నిమిషాల తర్వాత నుంచి కణాలు తిరిగి కోలుకోలేనంతగా చనిపోవడం మొదలైంది. ఆ చావు గుండె గోడ లోపలి పొరలో మొదలై, గంటలు గడిచేకొద్దీ అలలా బయటి పొర వైపు పాకింది. నలభై నిమిషాలకే ధమని తెరిస్తే చాలా కండరం దక్కింది. ఆరు గంటలకు తెరిస్తే దక్కింది కొంచెమే. అంటే రక్తం పూర్తిగా కరువైన నడిమధ్య భాగానికి చాలినంత మందు చేరేలోపే అక్కడ కాపాడాల్సిన కణాలు సగానికి సగం పోతాయి.

అయితే మూసుకున్న ధమని కింద అంతా ఒకేలా ఎండిపోదు. ఇదే అసలు చిక్కు. పక్క ధమనుల నుంచి వచ్చే సన్నటి అడ్డదారులు కొన్ని ఉంటాయి. పక్క పొలం గట్టు కింద నుంచి ఊట నీరు వచ్చినట్టు వాటి గుండా కొంత రక్తం జారుతుంది. గినీ పందిలో ఈ అడ్డదారులు ఎంత సమృద్ధిగా ఉంటాయంటే ధమని మూసినా దాని గుండె కండరం చావదు. కుక్కలో బాగానే ఉంటాయి. పందిలో దాదాపు ఉండవు. మనుషుల్లో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఏళ్ల తరబడి రక్తనాళం మెల్లగా ఇరుకవుతూ వచ్చినవాళ్లలో ఇవి పెరిగి ఉంటాయి, ఉన్నట్టుండి గడ్డ పడినవాళ్లలో తరచూ అంతగా ఉండవు. కుక్క గుండెలో పనిచేసిన మందు మనిషి గుండెలో పనిచేయకపోతే మందును తప్పుపట్టే ముందు ఈ ఊటల సంగతి చూడాలి. పిల్లుల మీద, కుక్కల మీద వచ్చిన ఫలితాలను నేరుగా మనుషులకు అంటగట్టడంలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే.

కణం దాకా వెళ్లాక

రక్తంలో ఉన్న స్టెరాయిడ్ అంతా ఖాళీగా తిరుగుతూ ఉండదు. కార్టిసాల్‌లో తొంభై శాతానికి పైగా రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ట్రాన్స్‌కార్టిన్ అనే ప్రత్యేకమైన మోతగాడి దగ్గర, కొంత అల్బుమిన్ దగ్గర. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ట్రాన్స్‌కార్టిన్‌ను పెద్దగా పట్టించుకోవు. వాటిలో మూడొంతుల దాకా అల్బుమిన్‌కు అతుక్కుంటుంది. రక్తనాళపు గోడ దాటి కణంలోకి వెళ్లగలిగేది ఆ విడిగా ఉన్న పావు వంతే. అది వెళ్లేకొద్దీ అతుక్కున్న దానిలోంచి ఇంకొంత విడిపోతుంది.

విడిగా ఉన్న స్టెరాయిడ్‌కు కణపొర అడ్డంకి కాదు. కొవ్వులో కలిసే గుణం ఉన్న చిన్న అణువు కాబట్టి జారుకుంటూ లోపలికి పోతుంది. ఇక్కడ లిడొకైన్‌తో పోల్చి చూస్తే విషయం బాగా తెలుస్తుంది. గుండె లయ తప్పినప్పుడు వాడే మందు అది, క్షార గుణం ఉన్నది. రక్తం అందని కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఆమ్లత్వం పెరుగుతుంది. అలాంటి చోటికి వెళ్లిన లిడొకైన్‌కు విద్యుదావేశం వస్తుంది, బయటికి రాలేక అక్కడే చిక్కుకుంటుంది. స్టెరాయిడ్‌కు ఆమ్లమైనా క్షారమైనా ఒకటే. అది తటస్థంగా ఉంటుంది. అందువల్ల ఆమ్లత్వం దాన్ని అడ్డుకోదు, పట్టి ఉంచదు కూడా. దాని రాకపోకలను శాసించేది రక్తప్రవాహమే. మందును గడ్డ పడక ముందే ఇచ్చి ఉంటే అది కండరంలో నిండి ఉంటుంది. ఆ తర్వాత ప్రవాహం ఆగితే కడుక్కుపోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. ప్రయోగశాలలో కొన్నిసార్లు ధమని మూయడానికి ముందే మందు ఇస్తారు. గుండెపోటు రోగికి అలా ముందే ఇచ్చే అవకాశం ఎక్కడుంది?

ఇంకో చిన్న సంగతి. సీసాలో ఉండే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ నేరుగా పనిచేసే మందు కాదు. నీటిలో కరగడం కోసం దానికి సక్సినేట్ అనే తోక తగిలిస్తారు. ఒంట్లోని ఎస్టరేజ్ ఎంజైమ్‌లు, ముఖ్యంగా కాలేయంలోవి, ఆ తోక కత్తిరిస్తేనే అసలు స్టెరాయిడ్ బయటపడుతుంది. గుండె నీరసించి కాలేయానికి రక్తం తగ్గితే ఈ కత్తిరింపు నెమ్మదించే అవకాశం ఉంటుంది.

మందు కణం లోపలికి వెళ్లడంతో కథ అయిపోదు. అక్కడ దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఉండాలి. ఆ రిసెప్టర్ ఒంటరిగా ఉండదు, కొన్ని తోడు ప్రొటీన్లు దాన్ని మందు పట్టుకోవడానికి వీలైన భంగిమలో నిలబెడతాయి. అందుకు ఏటీపీ, అంటే కణానికి కరెంటు లాంటి ఇంధనం, ఖర్చవుతుంది. అలన్ మంక్ బృందం థైమస్ గ్రంథి కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఏటీపీ తగ్గినప్పుడు రిసెప్టర్లు స్టెరాయిడ్‌ను పట్టుకోలేకపోయాయి. ఏటీపీ మళ్లీ పెరిగాక పట్టుకున్నాయి. ఊపిరాడని గుండె కండరంలో త్వరగా అడుగంటేది ఆ ఏటీపీయే. ఎన్నిసార్లు చదివినా ఈ విషయం నన్ను ఆపేస్తుంది. ఉత్తరం ఇంటి గుమ్మం దాకా చేరినా తలుపు తీసే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు.

తలుపు తీసినా పని వెంటనే జరగదు. స్టెరాయిడ్‌ను పట్టుకున్న రిసెప్టర్ కణ కేంద్రకంలోకి వెళ్లి, కొన్ని జన్యువులను లేపి, కొన్నిటిని నిద్రపుచ్చి, కొత్త ప్రొటీన్లు తయారయ్యేసరికి గంటలు పడుతుంది. అందుకే డెక్సామెథసోన్ రక్తంలో నాలుగైదు గంటల్లో సగానికి తగ్గినా దాని ప్రభావం ఒకటిన్నర రోజు దాటి ఉంటుంది. రక్తపరీక్షలో మందు కనిపించడం వేరు, కణంలో దాని పని జరుగుతూ ఉండడం వేరు.

1970ల ఆశ

1973లో పీటర్ లిబ్బీ, పీటర్ మరోకో, యూజీన్ బ్రౌన్‌వాల్డ్ హైడ్రోకార్టిసోన్ ఇచ్చిన కుక్కల్లో గుండె కండరం చచ్చిన మేర తగ్గిందని చూపారు. ఫిలడెల్ఫియాలో అలన్ లెఫర్ బృందం మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌తో పిల్లుల్లో అలాంటి రక్షణే చూసింది. అప్పటి ఆలోచన ఇది: కణాల్లో లైసోజోమ్‌లనే చిన్న సంచులు ఉంటాయి. వాటి నిండా కరిగించే ఎంజైమ్‌లు. రక్తం ఆగితే సంచులు చిరిగి, ఎంజైమ్‌లు కణాన్ని లోపలి నుంచే తినేస్తాయి. స్టెరాయిడ్ ఆ సంచుల గోడలను గట్టిపరుస్తుంది.

ఈ ఆలోచన నిలవాలంటే స్టెరాయిడ్ నిజంగా ఆ కణం దాకా చేరాలి కదా. అందుకే మందు ఏ అవయవంలో ఎంత ఉందో కొలవడం ముఖ్యమైంది. ఆ రోజుల్లో అందుకు మంచి దారి ట్రిటియం. స్టెరాయిడ్ అణువులో ఒక హైడ్రోజన్ బదులు రేడియోధార్మిక హైడ్రోజన్ పెట్టి ఇంజెక్ట్ చేస్తారు. కాసేపటికి కాలేయం, కిడ్నీ, ఊపిరితిత్తి, గుండెలో మంచి ముక్క, గుండెలో రక్తం ఆగిన ముక్క తీసి ఒక్కోదానిలో ఎంత రేడియోధార్మికత ఉందో లెక్కిస్తారు. రక్తప్రవాహం ఎంత తగ్గిందో తెలియడానికి మిల్లీమీటరులో అరవయ్యో వంతు వ్యాసం ఉన్న రేడియోధార్మిక పూసలను కూడా రక్తంలోకి వదులుతారు. అవి ఎక్కడ ఎక్కువ ఇరుక్కుంటే అక్కడ రక్తం ఎక్కువ పారినట్టు.

ఈ కొలతలను చదివేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలని మా విద్యార్థులకు చెబుతూ ఉంటాను. యంత్రం లెక్కించేది గుర్తును, మందును కాదు. కాలేయం స్టెరాయిడ్‌ను ఎప్పుడో పనికిరాకుండా మార్చేసినా ట్రిటియం గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. కాలేయంలో, కిడ్నీలో, పైత్యరసంలో అంకె పెద్దగా కనిపించడానికి ఇదో కారణం. రెండోది, ముక్కలో మిగిలిపోయిన రక్తంలోనూ మందు ఉంటుంది, దాన్ని తీసేసి లెక్కించకపోతే కండరంలోకి మందు వెళ్లిందని మోసపోతాం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గ్రాము బరువున్న ముక్కలో అంచు భాగం, నడిమి భాగం, లోపలి పొర, బయటి పొర అన్నీ కలిసిపోతాయి. అంచులో మందు నిండుగా, నడిమధ్యలో సున్నా ఉన్నా సగటు 'సగం చేరింది' అంటుంది. శివారు పొలం, పైపొలం కలిపి ఎకరానికి సగటు దిగుబడి చెబితే శివారు రైతు కష్టం అందులో ఎక్కడ కనిపిస్తుంది?

ఇక మోతాదు. అప్పటి ప్రయోగాల్లో, చికిత్సల్లో తరచూ వాడింది కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్. 70 కిలోల మనిషికి 2,100 మిల్లీగ్రాములు. ఈ మందు 4 మిల్లీగ్రాములు 20 మిల్లీగ్రాముల కార్టిసాల్‌తో సమానం. మన ఒళ్లు రోజుకు తయారుచేసే కార్టిసాల్ 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. లెక్క వేస్తే ఆ ఒక్క డోసు దాదాపు మూడేళ్ల కార్టిసాల్ పెట్టు. రోజుకు వంద మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ దాటేసరికే రిసెప్టర్లు ఇంచుమించు అన్నీ నిండిపోతాయంటారు. మరి మిగతాదంతా ఎందుకు? చేరని చోటికి ఎలాగైనా కొంత చేరాలన్న తపన అందులో ఉంది. కణపొరల మీద, రక్తనాళాల గోడల మీద జన్యువులతో పనిలేకుండా నిమిషాల్లో జరిగే ప్రభావాల మీద ఆశ కూడా ఉంది. అలాంటి ప్రభావం కేవలం ఊహ కాదని 2002లో తేలింది. ఎలుకల్లో డెక్సామెథసోన్ పెద్ద మోతాదు రక్తనాళాల లోపొరలో, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారీని వెంటనే పెంచి గుండె నష్టాన్ని తగ్గించింది. అయితే గమనించండి, ఇక్కడ మందు పనిచేసింది రక్తనాళపు గోడ మీద. రక్తం తగిలే చోట.

అటు చేరింది, ఇటు చేరలేదు

గుండెపోటులో గుండె బలహీనపడితే ఒళ్లు రక్తాన్ని వంతులు వేసి పంచుతుంది. మెదడుకు, గుండెకు ముందు, చర్మానికి, కండలకు, పేగులకు కోత. చేతులూ కాళ్లూ చల్లబడేది అందుకే. అలాంటప్పుడు కండలో పొడిచిన ఇంజెక్షన్ ఎప్పటికి రక్తంలో కలుస్తుందో చెప్పలేం, అందుకే నరంలోకే ఎక్కిస్తారు. నరంలోకి ఇచ్చిన మందు తిరిగే చోటు తగ్గింది కాబట్టి రక్తంలో దాని సాంద్రత మొదట్లో ఎక్కువగా ఉంటుంది. స్టెరాయిడ్లను విరగ్గొట్టే పని ఎక్కువగా కాలేయానిది. అక్కడికి రక్తం తగ్గితే మందు ఒంట్లో మరికాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. లిడొకైన్ విషయంలో ఇది ఎంత తీవ్రమంటే గుండె నీరసించిన రోగికి మోతాదు బాగా తగ్గించాలి. స్టెరాయిడ్‌కు అంత తీవ్రత లేకపోయినా దిశ మాత్రం అదే. మెదడు సంగతి వేరు. రక్తం బాగానే అందుతుంది కానీ అక్కడి రక్తనాళాల గోడల్లో పి-గ్లైకోప్రొటీన్ అనే కాపలాదారు డెక్సామెథసోన్ లాంటి వాటిని వెనక్కి తోసేస్తుంది.

దీని ఫలితం ఏమిటంటే, మనం గుండె కోసమని ఇచ్చిన మందును కాలేయం నిండా తాగి గ్లూకోజ్ తయారీ పెంచుతుంది, రోగికి షుగర్ పెరుగుతుంది. కిడ్నీలు పొటాషియంను వదిలేస్తాయి, పొటాషియం తగ్గిన గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. గుండెలోనూ మంచి భాగానికి మందు పుష్కలంగా అందుతుంది. కష్టంలో ఉన్న ముక్కకు తప్ప అందరికీ అందినట్టు.

గుండె కండర కణాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. కిడ్నీ కణాలు తమ దగ్గరికి వచ్చిన కార్టిసాల్‌ను ఒక ఎంజైమ్‌తో పనిచేయని రూపంలోకి మార్చేస్తాయి. అందువల్ల ఒంట్లో ఉప్పు లెక్క చూసే ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ కోసం ఉన్న రిసెప్టర్ల మీద కార్టిసాల్ కూర్చోదు. గుండె కణాలకు ఆ రక్షణ లేదు. మామూలు రోజుల్లో కార్టిసాల్ ఆ రిసెప్టర్ల మీద కూర్చున్నా పెద్దగా కీడు చేయదు. రక్తం ఆగి కణం రసాయన స్థితి తలకిందులైనప్పుడు అదే కార్టిసాల్ నష్టాన్ని పెంచుతుందని 2009లో ఆస్ట్రేలియాకు చెందిన మిహైలిడూ, ఫండర్ బృందం ఎలుక గుండెల్లో చూపింది. కాబట్టి ఏ స్టెరాయిడ్ అన్నది కూడా తేడా తెస్తుంది. డెక్సామెథసోన్ ఆ రిసెప్టర్ జోలికి పెద్దగా పోదు.

1974లో బల్క్‌లీ, రాబర్ట్స్ శవపరీక్షల్లో చూసింది ఈ కథలో మలుపు. గుండెపోటు తర్వాత స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో చచ్చిన కండరం సకాలంలో తొలగలేదు, గుండె గోడ పలచబడి ఉబ్బింది. 1976లో సెయింట్ లూయిస్‌లో రాబర్ట్స్, డెమెల్లో, సోబెల్ మిథైల్‌ప్రెడ్నిసొలోన్ పదేపదే ఇచ్చిన రోగుల్లో గాయం పెరిగిందని, లయ తప్పడాలు ఎక్కువయ్యాయని రాశారు. పంపకం లెక్కతో చూస్తే ఇది ఆశ్చర్యం కలిగించదు. మొదటి గంటలో కాపాడాల్సిన కణం దగ్గరికి మందు చాలినంత చేరి ఉండదు. ఆ తర్వాత అంచుల్లో రక్తం మళ్లీ పారింది, నాళాల గోడలు కారడం మొదలై అల్బుమిన్‌తో పాటు మందు కూడా లోపలికి ఊరింది. అప్పటికి అక్కడ పని మారిపోయింది. మొదటి రోజుల్లో తెల్లకణాలు వచ్చి చచ్చిన కండరాన్ని తొలగించాలి, తర్వాత వారాల్లో కొత్త పీచు అల్లుకుని గట్టి మచ్చ కట్టాలి. ఆ మచ్చ గట్టిపడేలోపు గోడ పగిలే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లో మందు నిండుగా చేరి, తెల్లకణాలను, పీచు అల్లికను ఆపి ఉండాలి.

2003లో పాత పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు స్టెరాయిడ్ వల్ల గుండె గోడ పగలడం ఎక్కువైనట్టు కనిపించలేదు. మరణాలు కొంత తగ్గినట్టు కూడా కనిపించింది. కానీ చీటీ వేసినట్టు రోగులను విభజించిన పక్కా పరీక్షలనే తీసుకుంటే ఆ మేలు దాదాపు మాయమైంది. 1970ల భయం కొంత అతి అయి ఉండొచ్చు, 1970ల ఆశ అంతకన్నా అతి అని నా అభిప్రాయం. గుండెపోటు తర్వాత గుండె పైపొర వాపుకు స్టెరాయిడ్ వాడొద్దన్న హెచ్చరిక అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాల్లో తర్వాత కూడా ఉంది.

ఇది చదివి ఎవరైనా తమ స్టెరాయిడ్ మాత్రలు మానేస్తారేమో అని నాకు నిజంగా టెన్షన్. ఆస్తమా, కీళ్లవాతం, లూపస్ కోసం నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడేవాళ్ల అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. గుండెపోటు లాంటి కష్టం వచ్చినప్పుడు ఒంటికి కార్టిసాల్ అవసరం పెరుగుతుంది. అలాంటప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో చేరిన వెంటనే 'నేను ఫలానా స్టెరాయిడ్, ఇన్ని నెలలుగా వాడుతున్నాను' అని చెప్పాలి. చెప్పలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు చెప్పాలి.

తూము తెరిచే ముందు

1970లకు, ఇప్పటికి ఒక పెద్ద తేడా ఉంది. అప్పట్లో మూసుకున్న ధమనిని వెంటనే తెరిచే దారి మామూలు వైద్యంలో లేదు. ఇప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, బెలూన్, స్టెంట్ ఉన్నాయి. శివారు బోదెకు నీళ్లు వదలగలం. నీళ్లు వదిలిన క్షణంలో కూడా నష్టం జరుగుతుంది. హఠాత్తుగా వచ్చిన ఆక్సిజన్‌తో, దూసుకొచ్చిన తెల్లకణాలతో సన్న రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. పెద్ద ధమని తెరుచుకున్నా కింద రక్తం పారని ఈ స్థితిని 1974లో క్లోనర్ బృందం కుక్కల్లో వివరించింది. అంటే స్టెరాయిడ్ పనికొచ్చే చోటు ఏదైనా ఉంటే అది ఈ క్షణమే. తూము తెరిచేసరికి నీళ్లలో మందు కలిసి సిద్ధంగా ఉండాలి.

డెన్మార్క్ వైద్యులు సరిగ్గా ఇదే చేసి చూశారు. పల్స్-ఎంఐ అనే పరీక్షలో 530 మంది గుండెపోటు రోగులను తీసుకుని, సగం మందికి స్టెంట్ వేయక ముందే, అంబులెన్సులోనే 250 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఒక్కసారి ఇచ్చారు. పాత మోతాదులో ఎనిమిదో వంతు, అదీ ఒక్కసారే, గాయం మానే రోజుల దాకా సాగదీయకుండా. 2024లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత మచ్చ పరిమాణం రెండు గుంపుల్లో ఇంచుమించు ఒకటే. అదే ప్రధాన ప్రశ్న కాబట్టి పరీక్ష గెలవలేదు. కానీ తొలి రోజుల ఎంఆర్ఐలో సన్ననాళాల అడ్డంకి తక్కువగా, గుండె తోసే శక్తి కొంచెం మెరుగ్గా కనిపించాయి. రక్తం తగిలే చోట, తగిలిన క్షణంలో మందు ఏదో చేస్తోందన్న మాట. దీన్ని చికిత్సగా మార్చేంత బలం ఆ అంకెలకు లేదు.

పెద్దనాన్నకు ఇదంతా మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు కాలువ గట్టు మీద నడుస్తూ చెప్పాను. శివారు పొలం పోలిక ఆయనకు వెంటనే ఎక్కింది. "అయితే గుండెలో స్టెరాయిడ్ ఎక్కడా వాడరా?" అన్నారు. వాడతారు. పేస్‌మేకర్ తీగ కొనను గుండె గోడకు గుచ్చిన చోట వాపు వచ్చి, పీచు పెరిగి, కరెంటు సరిగా అందకుండా పోయేది. 1980ల నుంచి ఆ తీగ కొనలోనే డెక్సామెథసోన్ పెడుతున్నారు. అది నెమ్మదిగా ఊరుతూ చుట్టూ ఉన్న కాస్త కండరానికే చేరుతుంది. నరంలో 2,100 మిల్లీగ్రాములు గుమ్మరించనక్కర లేకుండా, అవసరమైన చోటే పెట్టిన 1 మిల్లీగ్రాముకు మించని మందు ఆ వాపును తగ్గిస్తోంది.